ఎనభయ్యారో ఎపిసోడ్‌లో నా చావు

మెక్సికో నగరం,
1974 ఆగస్టు 6, మంగళవారం

రచయిత ఎఫ్రేన్ బొహోర్కెస్ గారికి,

కాసిల్దా అరోసమేనా నమస్కారాలు. మనం ముఖాముఖి ఎన్నడూ కలవలేదు. మీరు క్వెర్నవాకాలో అద్దె ఇంట్లో కూర్చుని రోజుకొక ఎపిసోడ్ రాసి డ్రైవరు నబోర్ చేతికిచ్చి పంపిస్తారు. నేను ఇక్కడ స్టూడియోలో ఆ కాగితాలు అందుకుని, మీ "తాళం వేసిన తోట" సీరియల్లో ప్రుదెన్సియా నాయనమ్మగా బతుకుతున్నాను. బతకడం గురించే ఈ ఉత్తరం.

మన హీరో లియోనెల్‌కి డైలాగులు కంఠస్థం చేసే అలవాటు లేదని మీకు తెలుసు. ఆ మాటకొస్తే ఇక్కడ నాకు తప్ప ఎవరికీ లేదు. అందరి చెవుల్లోనూ బఠాణీ గింజంత యంత్రం. గాజుగదిలో తాచో కూర్చుని మైకులో చదువుతుంటాడు, వీళ్ళు విన్నది విన్నట్టు ఏడుస్తూనో నవ్వుతూనో అప్పజెబుతుంటారు. తాచో నాలాగే నాటకాల్లోంచి వచ్చినవాడు. స్టేజీ ముందు గూట్లో కూర్చుని ముప్పయ్యేళ్ళు మాట అందించాడు. కాగితం మీద ఏముంటే అది చదవాలి, ఆలోచించకూడదు అన్నది అతని మతం.

నిన్నటి కాగితాల్లో, పదకొండో పేజీకీ పన్నెండో పేజీకీ మధ్య, మీరు నిర్మాత దోన్ గిల్బెర్తోకి రాసుకున్న చీటీ ఇరుక్కుని వచ్చింది.

లియోనెల్ నా కుర్చీ దగ్గర మోకరిల్లాడు. నా చెయ్యి తీసుకుని గుండెకి ఆనించుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"దోన్ గిల్బెర్తో!" అన్నాడు.

నాకు డెబ్బై రెండేళ్ళు, పైగా ఆడదాన్ని. అయినా సర్దుకున్నాను.

"ఈ ముసలావిడ ప్రతి సీనులోనూ మాటలు కలుపుతోంది. ఇక భరించడం నా వల్ల కాదు. ఎనభయ్యారో ఎపిసోడ్‌లో చంపేద్దాం. గుండెపోటయితే తేలిక, ఒక్క మంచం చాలు" అని నా చేతిని ముద్దుపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నా చెవిలో యంత్రం లేదు గనక తోచింది అన్నాను. "నన్ను చంపాలని మీ తాత ముప్పయ్యేళ్ళు చూశాడు నాయనా. ఆఖరికి ఆయన శవపేటిక మీదికి పూలు నేనే కొన్నాను."

డైరెక్టరు "బ్రహ్మాండం, తర్వాతది" అన్నాడు. మళ్ళీ తీయడానికి టైము లేదట. ఇవాళ ప్రసారం.

గొడవ పడటానికి రాయడం లేదు. ఒక్క సంగతి చెబుతాను. నేను అరవై ఒక్క నాటకాల్లో చచ్చాను. విషం, క్షయ, పడవ మునక, కొడుకు ద్రోహం. అన్నీ రెండో అంకంలోనే. నేను పోతేగాని మిగతావాళ్ళకి ఏడవడానికి పని ఉండదు. మూడో అంకంలో పెళ్ళి జరుగుతుంటే నేను గోడ అవతల గదిలో మొహం రంగు తుడుచుకుంటూ ఆ చప్పుడు వింటాను. మన సీరియల్ వందో ఎపిసోడ్‌లో పెళ్ళితో ముగుస్తుందని టోర్టియాలు కాల్చే ఆవిడకి కూడా తెలుసు. ఈ ఒక్కసారి ఆ పెళ్ళిలో బతికి నిలబడాలని ఉంది. ఇంకేమీ అడగను.

మీ క్షేమమూ, కాస్త నా క్షేమమూ కోరుతూ,
కాసిల్దా

తా.క.: గుండెపోటు తేలిక అన్నారు. నేను తేలిగ్గా పోయే మనిషిని కాను. పుయెబ్లాలో నా క్షయకి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. హీరో మధ్యలో బయటికెళ్ళి తమాలె తిని వచ్చాడు.


క్వెర్నవాకా,
ఆగస్టు 7

రంగస్థలపు రాణి, పూజ్యులు దోన్యా కాసిల్దా గారి సముఖానికి,

మీ ఉత్తరం అందగానే టైపు ఆపి ఇది రాస్తున్నాను. ఎంత ఘోరమైన అపార్థం! ఆ చీటీలోని ముసలావిడ మీరు కానే కాదు. మా అత్తగారు. ఎవరేం మాట్లాడినా మధ్యలో తన మాట కలపడం ఆవిడకి అలవాటు. కోపం వచ్చినప్పుడల్లా సీరియల్లో ఆవిడ లాంటి పాత్రని ఒకదాన్ని పెట్టి చంపేయాలనిపిస్తుంది. రచయిత బలహీనత. అంతే.

మీకు హాని తలపెట్టడం నా కలలో కూడా లేదు. పైపెచ్చు మీ ఆరోగ్యం దృష్టిలో పెట్టుకుని, ఎనభయ్యో ఎపిసోడ్‌లో మిమ్మల్ని సముద్రపు గాలికి వెరాక్రూజ్ పంపిస్తున్నాను. సూట్‌కేసు పట్టుకుని గుమ్మం దాటితే చాలు. మళ్ళీ ఎప్పుడు వస్తారన్నది కథ నిర్ణయిస్తుంది. కథ ముందు రచయిత ఎంతటివాడు?

మీ పాదాల చెంత,
ఎఫ్రేన్

తా.క.: దోన్ గిల్బెర్తో అడిగితే గాలివానకి టెలిఫోను తీగ తెగిపోయిందని చెప్పండి. కత్తెర ప్రస్తావన వద్దు.


మెక్సికో నగరం,
ఆగస్టు 10

ఎఫ్రేన్ గారికి,

వెరాక్రూజ్ నుంచి కాదు, ఇంటి నుంచే రాస్తున్నాను. వెళ్ళలేకపోయాను.

మా కాలంలో ఒక నాటకానికి నలభై రోజులు రిహార్సల్ చేసేవాళ్ళం. మొత్తం నాటకం ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఎవరి మాటలు వాళ్ళకి, దానికి ముందు అవతలివాడి చివరి నాలుగు మాటలు, అంతే రాసి ఇచ్చేవారు. అందుకని అవతలివాడు ఏమంటాడో వినేవాళ్ళం. వినకపోతే మన వంతు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ఇక్కడ రిహార్సల్ అంటే కుర్చీ ఎక్కడుందో చూసుకోవడం. దానికి ఏడు నిమిషాలు. తర్వాత ఎవరి చెవి వాళ్ళది.

గురువారం నా వీడ్కోలు సీను తీశారు. సూట్‌కేసు తీసుకున్నాను, అందరినీ దీవించాను, గుమ్మం దాటాను. మీరు రాసినట్టే, ఒక్క మాట కలపలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. మీ కథానాయిక మిర్నా కిటికీ దగ్గర నిలబడి "ఇల్లంతా బోసిపోయింది" అంటోంది. అప్పుడు నేను వంటింటి తలుపులోంచి లోపలికొచ్చి సూట్‌కేసు కింద పెట్టి, "బస్సు వెళ్ళిపోయింది" అన్నాను.

గాజుగదిలో తాచో నోరు తెరుచుకుని నన్ను చూశాడట. కాగితం మీద ఏమీ లేదు. జన్మలో మొదటిసారి ఆలోచించాల్సి వచ్చింది పాపం. చాలాసేపటికి లియోనెల్ నోట్లోంచి వచ్చింది: "అయితే చిక్కుడుగింజలు వేడి చెయ్యమంటావా నాయనమ్మా?"

"చెయ్యి. ఉప్పు చూసుకో" అన్నాను.

నిన్న ప్రసారమైంది. ఇవాళ పొద్దున సంతలో టోర్టియాల ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "పోనీలెండి దోన్యా, బస్సు తప్పడమే మంచిదైంది. వెరాక్రూజ్‌లో దోమలు" అంది. ఉల్లిపాయలమ్మే ఆవిడ, "ఏ బస్సు కంపెనీ? నా తమ్ముడు డ్రైవరే, చెప్పు, నాలుగు తన్నిస్తాను" అంది.

ప్రేక్షకుల తరఫున,
కాసిల్దా

తా.క.: మా దుస్తులు కుట్టే ఒబ్దూలియా మీ అత్తగారు దోన్యా ఫిలోమెనాకి చిన్ననాటి స్నేహితురాలట! చీటీ నా గురించి కాదన్న సంతోషంలో మీ ఉత్తరం ఆమెకి చదివి వినిపించాను. ఆమె ఆ సంతోషాన్ని తనలోనే దాచుకోలేకపోయింది.


క్వెర్నవాకా,
ఆగస్టు 12

దోన్యా కాసిల్దా గారికి,

ఏం చేశారండీ!

మా అత్తగారు నిన్న పొద్దున ఇక్కడ దిగింది. ఒక పెట్టె, ఒక పంజరం, పంజరంలో చిలక. "నన్ను ఏ రోజున చంపుతావో చెబితే ఆ రోజుకి మంచి బట్టలు కట్టుకుంటాను అల్లుడూ" అంది. అప్పట్నుంచి నా గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను కాఫీ ఇస్తే ముందు నన్ను తాగమంటుంది. ఆ తర్వాత చిలకని తాగమంటుంది. ఆ తర్వాత చల్లారిపోయిందంటుంది. నా భార్య "మా అమ్మ క్షమించేదాకా నీతో మాట్లాడను" అని నగరంలోనే ఉండిపోయింది.

ఇక దాపరికం ఎందుకు? చీటీ మీ గురించే. ఇప్పుడు అత్తగారికి నిజం చెబితే నమ్మడం లేదు. అబద్ధం ఒక్కసారికే నమ్మింది!

ఎనభై రెండో ఎపిసోడ్ ఇందులో పెట్టాను. మీకు పక్షవాతం వస్తుంది. స్పృహ ఉండదు. కళ్ళు మూసుకుని పడుకోవాలి. మీకు చివరిదాకా ఒక్క డైలాగు కూడా లేదు. ఈసారి ఏ తలుపులోంచి వస్తారో చూస్తాను.

ఇట్లు,
ఎఫ్రేన్ బొహోర్కెస్, రచయిత (ఇంకా)

తా.క.: నేను టైపు చేస్తుంటే అత్తగారు భుజం మీదుగా చదువుతోంది. "ఆవిడ నీకేం చేసింది?" అని ఇప్పుడే అడిగింది.


మెక్సికో నగరం,
ఆగస్టు 15

ఎఫ్రేన్ బాబుకి,

"బాబు" అన్నందుకు ఏమీ అనుకోకు. నన్ను మూడుసార్లు చంపబోయిన మనిషిని ఇంకా "గారు" అనడం నాకే ఎబ్బెట్టుగా ఉంది.

చెప్పినట్టే పడుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. నోరు విప్పలేదు. నువ్వు మరచిపోయింది ఒక్కటే. సీరియల్లో స్పృహ లేని మనిషి మంచం కంటే పెద్ద రంగస్థలం ఇంకోటి లేదు. ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి తలుపు మూసి, నా పక్కన కూర్చుని తమ గుట్టు చెప్పుకుంటారు. నువ్వే రాశావు, చూసుకో. మిర్నా వచ్చి బిడ్డ తండ్రి ఎవరో చెప్పింది. నీ విలన్ వచ్చి వీలునామా ఎక్కడ దాచాడో చెప్పాడు. వంటమనిషి వచ్చి ఏడ్చింది. కెమెరా పొద్దస్తమానం నా మొహం మీదే.

నేను చేసిందల్లా, తండ్రి పేరు చెప్పినప్పుడు ఎడమ కనుబొమ మాత్రం కొంచెం పైకెత్తాను. డైరెక్టరు కెమెరాని ఆ కనుబొమ దగ్గరికి తీసుకెళ్ళి అక్కడే నిలబెట్టాడు. నిన్న స్టూడియోకి నా కనుబొమ పేరిట నలభై ఉత్తరాలు వచ్చాయి.

ఇంకో సంగతి. తాచోకి జలుబు, దగ్గు. మైకు ఆపకుండానే క్యాంటీన్ ఆవిడ కాఫీ తెస్తే ఆమెతో మాట్లాడాడు. లియోనెల్ నా మంచం పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. ముందు దగ్గాడు. తర్వాత నా మొహంలోకి చూసి, పిల్లవాడికి తల్లి దొరికినంత ఆర్తితో, "చక్కెర వెయ్యొద్దు! నిన్న కూడా చెప్పాను, చక్కెర వెయ్యొద్దని!" అన్నాడు. ఒక కన్నీటిచుక్క నా ముక్కు మీద పడింది.

దేశమంతా నాకు మధుమేహం అని నమ్మింది. స్టూడియో గేటు దగ్గర నాగజెముడు మట్టల కుప్ప మనిషెత్తుకి పెరిగింది. మధుమేహానికి మంచిదట.

స్పృహలో లేని,
కాసిల్దా

తా.క.: మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. మంచి ప్రశ్న అడిగింది.


క్వెర్నవాకా,
ఆగస్టు 16

దోన్యా,

ఓడిపోయాను. నిజం చెబుతాను వినండి.

మీరు మాటలు కలిపినందుకు కాదు మిమ్మల్ని చంపాలనుకున్నది. నా దగ్గర కథ అయిపోయింది. వందో ఎపిసోడ్‌లో పెళ్ళి. అది తెలుసు. ఎనభయ్యారు నుంచి తొంభై తొమ్మిది దాకా ఏమవుతుందో నాకు తెలియదు. మీరు పోతే ఏడుపుకి ఒకటి, శ్మశానానికి ఒకటి, తర్వాత తొమ్మిది రోజుల జపమాల ప్రార్థనలకి తొమ్మిది. పదకొండు ఎపిసోడ్లు అందరూ నల్లబట్టలు కట్టుకుని తలుపు తీస్తారు, వేస్తారు. కొత్త ఊహ ఒక్కటీ అక్కరలేదు. నాలుగు రోజులుగా కాగితం ఎక్కించి దాన్నే చూస్తున్నాను. కాగితం నన్ను చూస్తోంది. అత్తగారు మమ్మల్నిద్దర్నీ చూస్తోంది.

ఇవాళ ఆవిడ తేల్చి చెప్పేసింది: "ఆ మంచంలో ఉన్నావిడ చస్తే నేను ఈ కుర్చీలోంచి లేవను. నా కూతురు కూడా ఆ ఇంట్లోంచి ఈ ఇంటికి రాదు."

ఒక ఒప్పందం. మీరు బతకండి. పెళ్ళిలో నిలబడండి. ఈ పద్నాలుగు ఎపిసోడ్లలో ఏం జరగాలో మాత్రం చెప్పండి. అందరి గుట్టూ మీకే తెలుసు, ఎందుకంటే మంచంలో ఉన్నది మీరే.

దిక్కులేని,
ఎఫ్రేన్

తా.క.: నాగజెముడు ఉడకబెట్టి తినాలా, పచ్చిదే తినాలా అని అత్తగారు అడగమంది. చిలక్కి పెట్టి చూస్తుందట.


మెక్సికో నగరం,
ఆగస్టు 17

ఎఫ్రేన్ నాయనా,

ఇంతకాలం మిడిమేలం అనుకున్నాను, భయమన్నమాట. భయమైతే ఫరవాలేదు. నాకు తెలిసిన రచయితలందరికీ ఉండేది. భయం లేనివాళ్ళు రాసిన నాటకాల్లోనే నేను పడవ మునిగి చచ్చాను.

రాసుకో. ఎనభయ్యారులో నేను కళ్ళు తెరుస్తాను. ఎవర్నీ ఏమీ అడగను. లేచి మొహం కడుక్కుని భోజనాల బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటాను. బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. అందరూ నా మంచం పక్కన నోరు విప్పినవాళ్ళే. ముసలిది విందా, వినలేదా? నేను విలన్ వైపు తిరిగి, "ఆ ఉప్పు ఇలా ఇవ్వు" అంటాను. అతను వీలునామా సంగతి కక్కేస్తాడు. అది ఒక ఎపిసోడ్. మర్నాడు మిర్నాని, "రొట్టె మెత్తగా ఉందా?" అంటాను. ఆ బిడ్డ తండ్రి పేరు బయటికొస్తుంది. రెండు ఎపిసోడ్లు. ఆ తండ్రి లేచి బయటికి పోతే, గుమ్మం దాకా వెళ్ళి గొడుగిస్తాను, అంతే, తిరిగొచ్చి కాళ్ళ మీద పడతాడు. నేను ఏమీ అనకూడదు. నేరం చేసినవాడికి మనం డైలాగు రాయనక్కరలేదు. ఎదురుగా కూర్చుని అన్నం తింటే చాలు, వాడే రాసుకుంటాడు.

పద్నాలుగు వస్తాయి. లెక్కపెట్టాను.

బదులుగా పెళ్ళి. కుర్చీలో కాదు, నిలబడి. లేత ఊదా రంగు గౌను. గ్వాదలూపే మాత మీద ఒట్టేసి రాయి.

కాసిల్దా

తా.క.: ఉడకబెట్టమను, ముళ్ళు తీసి. చిలకని వదిలెయ్యమను.


క్వెర్నవాకా,
సెప్టెంబరు 4

నా తల్లి దోన్యా కాసిల్దా గారికి,

వందో ఎపిసోడ్ ఇందులో ఉంది. మాత సాక్షిగా మీరు పెళ్ళిలో ఉన్నారు. నిలబడే. ఊదా గౌనులోనే.

మీ ఉప్పు సీను తర్వాత ఊళ్ళో భోజనాల దగ్గర ఎవరూ ఎవర్నీ ఉప్పు అడగడం లేదట. దోన్ గిల్బెర్తో తర్వాతి సీరియల్ కూడా నాకే ఇస్తానంటున్నాడు. నా భార్య వచ్చింది. అత్తగారు మాత్రం వెళ్ళలేదు.

ఒక్క ప్రార్థన. కొయొఆకాన్‌లో మనం పెళ్ళి తీసే చర్చి మనకి సాయంత్రం నాలుగింటి దాకానే. నాలుగింటికి అక్కడ అసలు పెళ్ళి ఉంది. ఒక్కసారే తీయగలం. మీకు ఇందులో డైలాగు లేదు. దయచేసి ఏమీ అనకండి. దండం పెడతాను.

మీ కొడుకులాంటి,
ఎఫ్రేన్

తా.క.: మీరు పెళ్ళిలో ఉంటారని అత్తగారు కొత్త బట్టలు కుట్టించుకుంది, టీవీ ముందు కూర్చోవడానికి.


మెక్సికో నగరం,
సెప్టెంబరు 7

ఎఫ్రేన్ నాయనా,

నిన్న నువ్వు టీవీ చూసి ఉంటావు. మీ అత్తగారి అరుపు ఇక్కడికి వినబడిందని నబోర్ అన్నాడు. అసలు ఏం జరిగిందో నేనే చెప్పడం మర్యాద.

మొన్న చర్చిలో పొద్దున తొమ్మిదింటికి నిలబెట్టారు. యాభై ఏళ్ళ ఆశ కదా, చెప్పులు కరుస్తున్నా మురిసిపోతూ నిలబడ్డాను. నా ముందు ఆరడుగుల లిల్లీపూల కుండీ పెట్టారు. దాని సందులోంచి నాకు పెళ్ళికొడుకు మోచెయ్యి కనబడింది. పదకొండింటికి డైరెక్టరు, "నాయనమ్మా, తల కాస్త పక్కకి పెట్టండి, లిల్లీల మీద నీడ పడుతోంది" అన్నాడు. ఒంటిగంటకి అందరికీ రొట్టెలిచ్చారు. నేను కనబడక నాకివ్వలేదు. పక్కన నీ విలన్ మంచివాడైపోయి నిలబడ్డాడు.

"ఇప్పుడు నువ్వేం చేస్తావయ్యా?" అనడిగాను.

"ఏమీ లేదు దోన్యా, నవ్వాలి" అన్నాడు.

వంటమనిషి నవ్వుతోంది. అందరూ నవ్వుతున్నారు. గోడ అవతల నుంచి అరవై ఒక్కసార్లు నేను విన్నది ఇదా అనుకున్నాను. పెళ్ళిలో ఏముంటుందో అని ఇంతకాలం అసూయపడ్డాను. ఏమీ ఉండదు నాయనా. అక్కడ నిలబడ్డవాళ్ళందరికీ కథ అయిపోయింది. రెండో అంకంలో పోయినవాళ్ళ కోసమే ఇంకా ఎవరో ఒకరు ముక్కు చీదుకుంటూ ఉంటారు.

మూడూ యాభై రెండుకి అసలు సీను. ఫాదిరీ వేషంవాడు లియోనెల్‌ని అడిగాడు: "ఈమెని భార్యగా స్వీకరిస్తావా?" ఆ జవాబు తర్వాతి పేజీలో ఉంది. తాచో పేజీ తిప్పాలి. నాలుగు సెకన్లు.

నేను చచ్చిపోయాను.

నువ్వు ఏమీ అనకండి అన్నావు గనక ముందు ఏమీ అనలేదు. ఒక చెయ్యి స్తంభం మీద వేశాను. లిల్లీలని పక్కకి నెట్టాను. వాళ్ళ మధ్యకి మూడు అడుగులు, ఒక్కో అడుగుకి ఒక ఊపిరి. గౌను నలగకుండా తివాసీ మీదికి ఒరిగాను. అప్పుడు మాత్రం, చాలా మెల్లగా, "పెళ్ళి ఆపకండి" అన్నాను. అలా అంటే ఏ పెళ్ళయినా ఆగుతుంది.

తాచో చేతిలో పేజీ అలాగే ఉండిపోయిందట. లియోనెల్ చెవిలో ఎవరూ లేరు. ఆ కుర్రాడు నా పక్కన కూలబడి, తల ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, లేవండి! అమ్మా!" అన్నాడు. వృత్తిలోకి వచ్చాక అతను సొంతంగా అన్న మొదటి డైలాగు. బాగుంది, కొంచెం చిన్నది. ఆ కన్నీళ్ళు మాత్రం అసలువి, వెచ్చగా ఉన్నాయి. ఒక కన్ను తెరిచి "నీకు చక్కెర వెయ్యనా?" అనబోయి మానుకున్నాను.

సరిగ్గా అప్పుడు నాలుగు కొట్టింది. అసలు పెళ్ళివాళ్ళు తలుపులు తెరుచుకుని లోపలికొచ్చారు. అసలు పెళ్ళికూతురు నన్ను చూసి కెవ్వుమంది. డైరెక్టరు అది కూడా తీశాడు. మళ్ళీ తీయడానికి టైము లేదు, చర్చి లేదు. లియోనెల్ "స్వీకరిస్తాను" అననేలేదు. నిన్న దేశమంతా అక్కడే ఆగిపోయింది.

ఇవాళ పొద్దున దోన్ గిల్బెర్తో మా ఇంటికొచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. నా రెండు చేతులూ ముద్దుపెట్టుకున్నాడు. పెళ్ళి సగంలో ఉంది గనక ఇంకో నలభై ఎపిసోడ్లు కావాలట. నీకు టెలిఫోను చేద్దామంటే తీగ లేదు గనక ఈ ఉత్తరం ద్వారా చెప్పమన్నాడు. ఏడుపుకి ఒకటి, శ్మశానానికి ఒకటి, ప్రార్థనలకి తొమ్మిది. నువ్వు కోరుకున్న నల్లబట్టలు నీకొచ్చాయి. మిగతా ఇరవై తొమ్మిదికి కంగారు పడకు.

దోన్యా ఫిలోమెనాని ఓదార్చు. నేను క్షేమంగా ఉన్నానని చెప్పు. నమ్మకపోతే చిలకని పంపమను.

స్వర్గస్థురాలు,
కాసిల్దా

తా.క.: తాచో గొంతు పూర్తిగా పోయింది. రెండు నెలలు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. గాజుగదిలో కూర్చోవడానికి డైలాగులు తెలిసిన మనిషి కావాలని దోన్ గిల్బెర్తో వెతుకుతుంటే, చచ్చి ఖాళీగా ఉన్నాను గనక నేను ఒప్పుకున్నాను. సోమవారం నుంచి ఆ ఇంట్లో ఎవరు ఏడ్చినా, ఎవరు తిట్టుకున్నా, ఎవరు ఎవర్ని పెళ్ళాడినా, వాళ్ళ చెవిలో నేనే ఉంటాను. నువ్వు రాసిన కాగితాలు కూడా పంపుతూ ఉండు. తీరిక దొరికితే చూస్తాను.